ప్లాసిదో దాచిన బటన్

తెయోఫిలో బకాయావ్‌ని కార్దెనాస్ ఊళ్లో అందరూ మెకానిక్ అనేవారు. ఆ మాటకు ఆయన నొచ్చుకునేవాడు కాదు గాని, అది తనకు కాస్త పొట్టి చొక్కాలా ఉందని మాత్రం అనుకునేవాడు. ఆయన లెక్కలో తన పని బండ్లను బాగుచేయడం కాదు, చదవడం. ఏ బండి మూత ఎత్తినా వెంటనే స్పానర్ పట్టడు. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు ఇంజిన్ మీదకు వంచి, గంభీరంగా ఒకే ఒక ప్రశ్న వేస్తాడు.

"ఇది ఎవడి చెయ్యి?"

ఆ ప్రశ్నకు అర్థముంది. ఆ ఊళ్లో ఏ కారూ పుట్టినప్పటి అవయవాలతో తిరగడం లేదు. పైన షెవ్రొలే, లోపల రష్యా జీపు ఇంజిన్, చక్రాల దగ్గర ఇంకేదో దేశం. విడిభాగాలు దొరకని దేశంలో ప్రతి మెకానిక్కూ తనకు తోచింది అమర్చి పంపిస్తాడు. అమర్చినవాడెవడో తెలిస్తే జబ్బు తెలిసినట్టే. తెయో తీగ ముడి చూసి మనిషి పేరు చెప్పగలడు. "రెండు ముళ్లు వేసి మూడోది మరిచిపోయాడంటే వీడు మతాన్సాస్ ఊరి రుబియేరా. గొట్టం చివర సైకిలు ట్యూబు చుట్టి ఉందంటే మా బావమరిది. వాడు చుట్టింది మాత్రం విప్పకండి, దాంతోపాటు బండి కూడా విడిపోతుంది" అనేవాడు. అరవై అయిదేళ్లు వచ్చేవరకు ఈ శాస్త్రం ఆయన్ని ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు. ఆ తర్వాత ఒర్తెన్సియా గారి బ్యూయిక్ కారు వచ్చింది.

వచ్చింది అనడం తప్పు. అది నలభై ఏళ్లకు పైగా ఎక్కడికీ రాలేదు, పోలేదు. ఒర్తెన్సియా గారి పెరట్లో, రేకుల కింద, ఇటుకల మీద కూర్చుని ఉంది. మందుల కొట్టులో గుమాస్తాగా పనిచేసిన ఆమె భర్త ప్లాసిదో, పెట్రోలు దొరకడం కష్టమైన రోజుల్లో దాన్ని అక్కడ పెట్టి, పైన గుడ్డ కప్పి, దొరికినప్పుడు తీద్దామన్నాడు. పెట్రోలు సరిగా దొరకనూ లేదు, ఆయన తీయనూ లేదు. తర్వాత ఆయనే పోయాడు. వెనక సీటును కోళ్లు స్వాధీనం చేసుకున్నాయి.

ఇన్నేళ్ల తర్వాత దాన్ని కదిలించాల్సిన అవసరం ప్లాసిదో తమ్ముడి కొడుకు యోర్దానిస్ వల్ల వచ్చింది. అతను పక్కనే సముద్రం ఒడ్డున వరదేరోలో విదేశీయులను పాత కార్లలో తిప్పుతాడు. విదేశీయులకు గాలి కావాలి, ఫోటోలు కావాలి, అంచేత యోర్దానిస్ ప్రతి కారుకూ పైకప్పు కోసి పారేస్తాడు. అలా కోసిన కార్లు అతని దగ్గర ఇప్పటికే రెండున్నాయి, గులాబీ రంగొకటి, నిమ్మపండు రంగొకటి. మూడోదానికి పెద్దమ్మ పెరడు గుర్తొచ్చింది.

ఆదివారం భోజనాల దగ్గర, నల్ల చిక్కుళ్లు వడ్డించుకుంటూ విషయం కదిపాడు. "పెద్దమ్మా, అది కారు కాదు, కోళ్ల గూడు. నాకిచ్చెయ్. పైకప్పు తీసి, రంగేసి, దానికో జీవితం ఇస్తాను."

"తల తీసి జీవితం ఇస్తావురా?"

"పోనీ, నడుస్తుందా అది? నడిస్తే చెప్పు, ముట్టుకోను. సాన్ హువాన్ పండుగలోపు తాళం చెవి తిప్పగానే లేచి, తనంతట తాను ఈ గేటు దాటితే అది నీదే. లేదంటే నేను లారీ తెచ్చుకుంటాను."

ఒర్తెన్సియా గారు రోషంలో సరేనన్నారు. అటు పక్క మంగలి అంబ్రోసియో, ఇటు పక్క ఇంటివాళ్లు గోడ మీదుగా అంతా విన్నారు. ఆ వీధిలో గోడ మీదుగా విన్న మాటకు నోటరీ సంతకంకన్నా విలువెక్కువ. యోర్దానిస్ వెళ్లాక గాని ఆమెకు తానేం ఒప్పుకున్నారో అర్థం కాలేదు. చెప్పులేసుకుని తెయో ఇంటికి వెళ్లారు.

"తెయో, నాకు కారు అక్కర్లేదు, అందులో ఎక్కడికీ పోను కూడా. దాని పైకప్పు మాత్రం తియ్యనివ్వకు" అన్నారు.

"అదేమిటమ్మా, ఒట్టి పైకప్పేనా?"

"మా పెళ్లయినప్పుడు ఆ ఇంట్లో అత్తగారు, ముగ్గురు ఆడపడుచులు, ఒక చిలక. ఆ చిలక కూడా వినేది. మేమిద్దరం మాట్లాడుకోవాలంటే సాయంత్రం పెరట్లో కారెక్కి అద్దాలు ఎత్తుకునేవాళ్లం. పెట్రోలు లేకపోయినా మాటలకేం కావాలి? ప్లాసిదో నాకు చెప్పినవన్నీ ఆ పైకప్పు కిందే చెప్పాడు. ఇప్పుడు దాన్ని కోసి చెత్తలో వేస్తాడట."

తెయో మర్నాడు పొద్దున్నే కోళ్లను ఖాళీ చేయించి, మూత ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది ఎవడి చెయ్యి?"

పొడుగాటి ఇంజిన్, ఎనిమిది సిలిండర్లు వరసగా, బడిపిల్లల్లా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఎక్కడా సైకిలు ట్యూబు లేదు. తీగలకు ముళ్లు లేవు. రష్యా బోల్టు లేదు, ట్రాక్టరు పంపు లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూసి, తెయో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమైంది?" అన్నాడు గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్న అంబ్రోసియో. షాపులో ఒక గడ్డాన్ని సగంలో వదిలేసి వచ్చాడు.

"ఇందులో ఎవడి చెయ్యీ లేదు."

"మంచిదేగా?"

"మంచిదెలా అవుతుందయ్యా? చెడగొట్టినవాడు తెలిస్తే గదా బాగుచెయ్యడం! చెడగొట్టకుండా ఎవడు వదిలేస్తాడు? ఎవడో చాలా తెలివైనవాడు చేశాడు. చేసినట్టు కనబడకుండా చేశాడు."

ఈ సిద్ధాంతంతోనే తెయో పని మొదలుపెట్టాడు. బిగుసుకుపోయిన ఇంజిన్‌లో కిరసనాయిలు, నూనె కలిపి పోసి నానబెట్టాడు. పెట్రోలు ట్యాంకు విప్పి, గులకరాళ్లు వేసి, ఇద్దరు మనుషులు ఉయ్యాల ఊపినట్టు ఊపితే లోపలి తుప్పు ఎర్రమట్టిలా కారింది. బ్రేకుల్లో పోయడానికి తానే ఒక ద్రవం కాచాడు, అందులో షాంపూ ఉందని వాసనే చెప్పింది. బండిని ఇటుకల మీంచి దించి చక్రాలకు గాలి కొట్టాడు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత పన్నెండు వోల్టుల లారీ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. ముందు దీపాలు పండుగనాటి శాంతా బార్బరా విగ్రహంలా ఒక్క క్షణం దేదీప్యమానంగా వెలిగి, టప్పున ఆరిపోయాయి.

తెయో ఆ చీకటి దీపాల వంక చాలాసేపు చూశాడు. ఆ కాలం కార్లు ఆరు వోల్టులవని ఆయనకు తెలియక కాదు. వాటిని పన్నెండుకు మార్చని మనిషి ఈ ద్వీపంలో ఇంకా ఉంటాడని తెలియదు. "ఆరు! ఇంకా ఆరు మీదే ఉందయ్యా ఇది!" అని అంబ్రోసియోతో అన్నాడు. చివరికి బ్యాటరీ మధ్యలో ఒక మేకు దిగగొట్టి, సగం బ్యాటరీ నుంచి కరెంటు తీసి బండికి ఇచ్చాడు. ఆ మేకు చూశాక ఆయనకు కొంచెం ప్రాణం కుదుటపడింది. ఇప్పుడు బండిలో ఒక చెయ్యంటూ పడింది, అది తనదే అయినా సరే.

తాళం చెవి తిప్పాడు. మీటర్ల ముళ్లు కదిలాయి, ఒక ఎర్రదీపం వెలిగింది. ఇంజిన్ తిరగలేదు. తిప్పే బటన్ కోసం చెయ్యి చాపాడు. బటన్ లేదు.

డాష్‌బోర్డు మీద లేదు. కింద లేదు. స్టీరింగ్ పక్కన లేదు. కొన్ని కార్లకు నేల మీద కాలితో నొక్కేది ఉంటుంది, అక్కడా లేదు. ఇంజిన్ దగ్గర స్టార్టరు మీద స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి మెరుపు పుట్టిస్తే అది గుర్రుమని తిరిగింది. అంటే స్టార్టరు బాగానే ఉంది, బటనే కనబడడం లేదు.

"అలాగే స్క్రూడ్రైవరుతో నడిపించెయ్" అన్నాడు అంబ్రోసియో.

"దొంగలు నడిపిస్తారలా" అన్నారు ఒర్తెన్సియా గారు వాకిట్లోంచి. "పైగా వాడు తాళం చెవి అన్నాడు. నువ్వే విన్నావు."

అంబ్రోసియో విన్నాడు. కాదనలేకపోయాడు.

అప్పుడు తెయోకు విషయం బోధపడింది. కార్దెనాస్‌లో కారున్న ప్రతివాడూ దొంగల భయంతో ఎక్కడో ఒక రహస్య స్విచ్చి పెట్టుకుంటాడు. బూడిద డబ్బా వెనక ఒకడు, సీటు కుట్టులో ఒకడు, మేరీమాత బొమ్మ కింద ఒకడు. కట్టుకున్న పెళ్లానికైనా చెప్పరు. ప్లాసిదో అదే చేశాడు. తెయో గొంతు సవరించుకుని, దర్యాప్తు అధికారిలా ఒర్తెన్సియా గారి ఎదురుగా స్టూలు వేసుక్కూర్చున్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. ప్లాసిదో గారు... దాపరికం మనిషా?"

"ప్లాసిదోనా? జలుబు చేస్తే ముక్కు చీదే ముందు కూడా నాకు చెప్పేవాడు."

"మరి బటన్ ఎక్కడ పెట్టాడో చెప్పలేదే?"

ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టారు. "ఏ బటన్?"

"బండి లేచే బటన్. దాచాడు."

"నాకు చెప్పకుండానా? ఆ కార్లోనే కూర్చుని, నాకు అన్నీ చెబుతూ?"

ఆ రోజు నుంచి ఆ పెరట్లో రెండు వెతుకులాటలు నడిచాయి. తెయో బటన్ కోసం వెతికాడు. ఒర్తెన్సియా గారు దానితోపాటు ఇంకేమేం చెప్పలేదో వెతకసాగారు. మందుల కొట్టును గురువారాలు ఆలస్యంగా ఎందుకు మూసేవాడు? పచ్చచొక్కా ఎవరి కోసం వేసుకునేవాడు? వీధివాళ్లు కూడా సాయానికి వచ్చి సీట్లు విప్పారు, తివాచీ లేపారు, సిగరెట్లు ముట్టించే గొట్టంలో వేలు పెట్టారు. దొరికినవి ఒక దువ్వెన, రెండు జామ గింజలు, ఎప్పటిదో ఎండిన కోడిగుడ్డు. ప్రతి వస్తువునూ ఒర్తెన్సియా గారు వెలుతురులో పెట్టి అనుమానంగా చూశారు.

"దువ్వెన ఆయనదేనమ్మా, వెంట్రుకలు చూడండి" అన్నాడు అంబ్రోసియో, మంగలితనం అడ్డుపెట్టుకుని.

"ఆయనకు అంత జుట్టెప్పుడుందయ్యా?" అన్నారామె.

పండుగకు ముందురోజు. మధ్యాహ్నం యోర్దానిస్ లారీ వస్తుందని కబురొచ్చింది. తెయో ఆఖరి ప్రయత్నంగా తాళం తిప్పి ఉంచి, తలకిందులుగా డ్రైవరు సీటు మీదుగా దూరి, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని డాష్‌బోర్డు కింద తీగలు లెక్కపెడుతున్నాడు. కాళ్లు తలుపు బయట ఊగుతున్నాయి. ఎక్కడో పట్టు జారింది. టార్చి పడిపోయింది. బకాయావ్ వంశంలో ఎవరూ పైకి అనని మాట ఒకటి ఆయన నోట్లోంచి వచ్చింది. వెంటనే బ్యూయిక్ గుర్రుమంది, ఒళ్లు జలదరించినట్టు కదిలి, ఎనిమిది సిలిండర్లూ దగ్గి, బుర్రున లేచింది. నీలం పొగ రేకుల కిందంతా కమ్మింది. అంతలో తెయో భయపడి వెనక్కి పాకాడు, అది ఆగిపోయింది.

"ఏం చేశావు?" అన్నారు అందరూ ఒకేసారి.

"ఏమీ చెయ్యలేదు!"

"ఏదో అన్నావుగా?"

"అంటే మాత్రం?"

ఒక ముసలావిడ అది శాంతా బార్బరా మహిమంది. ఇంకొకరు, కాదు, ఆ బూతుకే లేచిందన్నారు. అంబ్రోసియో మాత్రం శాస్త్రీయంగా వెళ్దామన్నాడు. అంచేత తెయో మళ్లీ తలకిందులుగా దూరాడు, మళ్లీ టార్చి పళ్లతో పట్టుకున్నాడు, మళ్లీ అదే మాట, ఈసారి వీధి మొత్తం వినేలా, అన్నాడు. బండి పలకలేదు. "కాళ్లు ఇంకొంచెం పైకి ఊగుతున్నాయి అప్పుడు" అన్నాడు అంబ్రోసియో. కాళ్లు పైకి ఎత్తాడు. పలకలేదు. "పడ్డావుగా, పడు." పడ్డాడు. గుర్రుమంది.

పడినప్పుడు మోచెయ్యి ఎక్కడ ఆనిందో అప్పుడు చూసుకున్నాడు. పెట్రోలు పెడల్ మీద. అది నేలకు ఆనేలా.

తెయో మూత ఎత్తి పెడల్ నుంచి పోయే కడ్డీ వెంటే చూపు నడిపించాడు. అది కార్బ్యురేటర్ దగ్గరకు వెళ్లింది, అక్కడ ఒక చిన్న స్విచ్చి ఉంది, దాని మీద కంపెనీ ముద్ర ఉంది, రివెట్ల మీద ఇంజిన్‌దే రంగు ఉంది. తాళం తిప్పి పెడల్ పూర్తిగా తొక్కితే బండి లేస్తుంది. అంతే. ఎవరూ దాచలేదు. ఎవరూ మార్చలేదు. పుట్టుకతోనే అలా ఉంది.

ఆయనకు ముందు అవమానం కలిగింది, తర్వాత అయోమయం. ఇన్ని రోజులు ఆ పెడల్‌ని ఒక్కరూ ఎందుకు తొక్కలేదు? ఎందుకంటే ఆ ఊళ్లో బండి లేవకముందే పెట్రోలు పెడల్ తొక్కేవాడు లేడు. ఇంజిన్ తడిసిపోతుంది, గుక్కెడు పెట్రోలు గాలికి పోతుంది. పసిపిల్లలను కూడా డ్రైవరు ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదట నేర్పేది అదే: కాలు తియ్యి. అంగుళం కదలకముందే పెట్రోలు తొక్కేసే మనుషులుంటారని నమ్మి ఎక్కడో ఎవరో ఈ కారు చేశారు. తెయో ఆ మనుషులను ఊహించుకోవడానికి ప్రయత్నించి విరమించుకున్నాడు.

"అమ్మా, ప్లాసిదో గారు ఏమీ దాచలేదు" అని వెళ్లి చెప్పాడు.

ఒర్తెన్సియా గారు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కాస్త అసంతృప్తిగా, "మరి ఆ పచ్చచొక్కా?" అన్నారు.

"అది నా పరిధిలోకి రాదమ్మా."

లారీ వచ్చేసరికి బ్యూయిక్ గేటు దాటి వీధి మధ్యలో నిలబడి, ఎండలో వణుకుతూ నడుస్తోంది. డ్రైవరు సీట్లో తెయో, పక్కన విసనకర్రతో ఒర్తెన్సియా గారు. రెండు పక్కలా వీధివాళ్లు, సగం గడ్డంతో మంగలి షాపు గిరాకీ కూడా.

యోర్దానిస్ లారీ దిగి, కారు చుట్టూ తిరిగి, ఈల వేశాడు. "నడుస్తోందే! అబ్బ, తెయో మామా, నీ చేతికి దండం. అయితే లారీ ఎందుకిక? నేనే నడుపుకుంటూ పోతాను."

"ఒరేయ్, నడిస్తే నాదన్నావు!"

"నీదే పెద్దమ్మా, ఎవరు కాదన్నారు? పేరు నీదే. నా దగ్గరుంటుంది, అంతే. నడిచే బండిని కోళ్లకు వదలడం పాపం కాదూ?" అని ఆమె చెయ్యి పట్టుకుని మర్యాదగా దింపాడు. తెయో ఏం చెయ్యాలో తోచక తాళం తిప్పి ఇంజిన్ ఆపి, తానూ దిగాడు. బండిని బాగుచేసి మరీ దాని మెడను కత్తి కింద పెట్టానేమోనని ఆయనకు అప్పుడు అనిపించింది.

యోర్దానిస్ సీట్లో సర్దుకుని తాళం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది. చెయ్యి అలవాటుగా డాష్‌బోర్డు మీద తడిమింది.

"మామా, బటన్ ఎక్కడ?"

వీధి మొత్తం తెయో వైపు చూసింది. జీవితంలో యంత్రం గురించి అడిగిన ఏ ప్రశ్నకూ ఆయన తప్పు జవాబు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

"దీనికి బటన్ లేదు బాబూ."

"నాతోనా మామా? బటన్ లేని బండి ఉంటుందా?" యోర్దానిస్ కింద వెతికాడు, సీటు కింద వెతికాడు, బూడిద డబ్బా లాగాడు. వెతుకుతుంటే కుడికాలు జారి పెట్రోలు పెడల్ అంచు మీద ఆనింది. ఊపిరి బిగబట్టనివాడు ఆ వీధిలో లేడు.

"కాలు తియ్యి నాయనా" అన్నాడు అంబ్రోసియో, ఎంతో వాత్సల్యంగా. "ఇంజిన్ తడిసిపోగలదు."

"అవునవును" అని యోర్దానిస్ గబుక్కున కాలు తీసి, కృతజ్ఞతగా తలాడించాడు.

చాలాసేపటికి చెమటతో దిగాడు. "పెదనాన్న దాచాడు కదూ? పెద్దమ్మా, నీకు తెలుసు."

"మీ పెదనాన్న నా దగ్గర ఏమీ దాచలేదురా" అన్నారు ఒర్తెన్సియా గారు. ఆ మాట ఎంత గట్టిగా అన్నారంటే, యోర్దానిస్ దాన్ని అబద్ధమని తీర్మానించుకున్నాడు.

లారీ మీదకు ఎక్కించవచ్చు. ఆ ఆలోచన అతని మొహంలో కనబడింది కూడా. కానీ బండి నడవడం వీధి వీధంతా చూసింది, మాట గోడ మీదుగా విన్నది. పైగా నడిరోడ్డు మీద విదేశీయులతో ఆగిపోతే లేపడానికి ప్రతిసారీ తెయో కోసం కార్దెనాస్ రావాలి. "ఉంచుకో పెద్దమ్మా. ఇది మనిషిని బట్టి పలికే బండి. నా వ్యాపారానికి పనికిరాదు" అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

తెయో ఒర్తెన్సియా గారి దగ్గరకు వచ్చాడు. "నేను అబద్ధం ఆడినట్టేనా అమ్మా? నిజమే చెప్పాను గాని, ఏదో తేడాగా ఉంది."

"నువ్వు ఆలోచించకు, ఎక్కు. ఇంకో చుట్టు తిప్పు."

తిప్పాడు. పెడల్ నేలకు ఆనేలా తొక్కాల్సి వచ్చినప్పుడు ఆయన కళ్లు మూసుకున్నాడు. వీధి చివర రైలు పట్టాల దగ్గర మలుపు తిరుగుతుండగా, తెయో తెచ్చిన సీసాడు పెట్రోలూ అయిపోయి, బ్యూయిక్ నిట్టూర్చి ఆగింది.

అంబ్రోసియో పరుగెత్తుకొచ్చాడు. తనంతట తాను నడవాలన్న షరతు ఇప్పుడు తప్పినట్టా, తప్పనట్టా అని అక్కడే పెద్ద చర్చ లేచింది. తెయో దిగాడు, ఒర్తెన్సియా గారు దిగలేదు. అద్దం పైకెత్తి, లోపలి నుంచి ఏదో అన్నారు. అద్దం మూసి ఉండటంతో ఎవరికీ వినబడలేదు. చర్చ తేలకముందే నలుగురు వెనక్కి వెళ్లి భుజం ఆనించారు, తెయో తన పక్క తలుపు తీసి స్టీరింగ్ పట్టుకుని పక్కనే నడిచాడు, కారు పైకప్పుతో సహా ఇంటి వైపు కదిలింది.